అతుకుకి కూలి తీసుకోం

మా పేటలో నాకు నోరు పెద్దదని పేరు. ఉద్యోగమంతా అంగన్‌వాడీలో పిల్లల్ని కేకలేయడంతోనే సరిపోయింది, గొంతు అలా స్థిరపడిపోయింది, నేనేం చేయను. జయకుమారి ఎదురొస్తోందంటే పక్క సందులోకి తిరిగేవాళ్ళున్నారు. తిరగనివ్వండి. ఇప్పుడు చెప్పబోయేది నా సంగతి కాదు, మా తమ్ముడు కోటిలింగం భార్య మల్లేశ్వరి సంగతి. ఆమెకి నవ్వడం వచ్చు, ఎదురు చెప్పడం రాదు. అలాంటి మనిషికి పక్క వాటాలోనే ఇంత నోరున్న ఆడపడుచు ఉండి కూడా ఏమీ ఆపలేకపోయింది. ఆ మంట నాకింకా తగ్గలేదు.

మల్లేశ్వరి పుట్టిల్లు మంగళగిరి. వాళ్ళదీ నేత ఇల్లే. పెళ్ళయి చీరాల వచ్చేనాటికి మా అమ్మ బతికే ఉంది. కొత్త కోడలు కాళ్ళ పారాణి ఆరకముందే మగ్గం దగ్గర చేరి, "అత్తయ్యా, ఈ పడుగు అయిపోవచ్చింది, నేను అతకనా?" అని అడిగింది. మా అమ్మ ముఖం చూడాలి ఆ రోజు. కోడలు కాపురానికి కాదు, మగ్గానికి వచ్చిందని పేటంతా చెప్పుకుంది.

అతకడమంటే తెలియని వాళ్ళుంటారు. మగ్గం మీద పాత పడుగు, అంటే నిలువు పోగులు, అయిపోయినప్పుడు దాని కొసలకి కొత్త పడుగు పోగులు ఒక్కొక్కటే కలపాలి. వేళ్ళకి కాస్త బూడిద అద్దుకుని, రెండు కొసలు పట్టుకుని మెలిపెట్టాలి. ఒక్క పోగు తప్పినా చీర పొడవునా గీత తేలుతుంది. ఒక్కరి వల్ల అయ్యే పని కాదు, అయినా నడుం విరుగుతుంది. అందుకని మా పేటలో ఒక పద్ధతుంది. ఎవరింట్లో అతుకు ఉంటే వాళ్ళు కబురు పెడతారు, చుట్టుపక్కల ఆడవాళ్ళు వెళ్ళి కూర్చుంటారు. పిలిస్తే కాదనకూడదు, కూలి పుచ్చుకోకూడదు. పుచ్చుకుంటే ఆ మగ్గం సాగదని మా నమ్మకం. నేను మాటలు మానేసిన ఇళ్ళకి కూడా వెళ్ళి, మూతి ముడుచుకునే అతికి వచ్చాను. అంత గట్టి పద్ధతి అది.

మా తమ్ముడు మంచి నేతగాడు. వాడికున్న పెద్ద లోపం ఊపిరి. చిన్నప్పటి నుంచి మగ్గం కింది గుంటలో కాళ్ళు వేలాడేసుకుని, ఆ చెమ్మలో, నూలు ధూళిలో కూర్చుని కూర్చుని ఉబ్బసం పట్టుకుంది. చలికాలం వస్తే వాడి ఛాతీలోంచి వచ్చే పిల్లికూతలు నా వాటాలోకి వినిపించేవి. దుమ్ముకి దూరంగా ఉండమని డాక్టరు చెప్పాడు. ఉన్నంతలో మగ్గమే నయం, మరో దుమ్ము పని మాత్రం పెట్టుకోవద్దన్నాడు.

వాడికి పడుగులిచ్చి, నేసిన చీరలు తీసుకునే మాస్టర్ వీవర్ బుల్లయ్య. ఒకప్పుడు ఒకటి దించేలోపు ఇంకొకటి పంపేవాడు. రెండేళ్ళ నుంచి అడిగి అడిగి తెచ్చుకోవాల్సి వచ్చింది. "పవర్‌లూమ్ చీర సగానికి దొరుకుతుంటే నీ చీర నేనెవరి నెత్తిన పెట్టను లింగం?" అనేవాడు. మాటలో అబద్ధం లేదు. అదే సమయంలో మా చుట్టాల అబ్బాయి అంకమ్మరావు చీమకుర్తి నుంచి ఫోన్ చేయడం మొదలుపెట్టాడు. వాడు అక్కడ గ్రానైట్ పలకలు కోసే యూనిట్‌లో చేస్తాడు. "బావా, మా దగ్గర మనుషులు కావాలి. నెల తిరిగేసరికి జీతం చేతిలో ఉంటుంది. ఆ గుంటలో కూర్చుని ఏం బావుకుంటావు?"

మల్లేశ్వరి ఆ ఫోన్ వచ్చినప్పుడల్లా వంటింట్లోకి వెళ్ళిపోయేది. ఒకసారి నా దగ్గర బయటపడింది. "ఆ రాతి దుమ్ములోకి ఈయన్ని పంపితే మళ్ళీ మనిషిగా తిరిగొస్తాడా వదినా? సొంతంగా ఒక పడుగు నూలు కొనుక్కుంటే చాలు. నేసి మనమే అమ్ముకోవచ్చు. ఆ ఒక్కదానికి దారి దొరికితే చాలు."

ఆ దారి ఫోన్‌లో ఉందని చెప్పింది రిహానా. గడియార స్తంభం దగ్గర జాకెట్లు కుట్టే అమ్మాయి, కుట్టుపని వీడియోలు పెడుతూ ఉంటుంది. "మల్లేశ్వరక్కా, నువ్వు అతికేటప్పుడు నీ వేళ్ళు చూస్తే నాకే కళ్ళు తిరుగుతాయి. తీసి పెట్టు, జనం చూస్తారు," అంది. పాత ఫోన్‌ని చీర పేలికతో మగ్గం గుంజకి కట్టి మల్లేశ్వరి మొదలుపెట్టింది. మొదట్లో నాకు నవ్వు ఆగేది కాదు. "ఏమే, పౌడర్ రాసుకున్నావా? మీ ఆయన లుంగీ మార్చాడా?" అని గోడ అవతల నుంచి అడిగేదాన్ని. ఆమె కూడా నవ్వుతూనే, "మీరు ఊరుకోండి వదినా, మీ గొంతే పడుతోంది ఇందులో," అనేది.

మాట్లాడిన వీడియోలు ఎవరూ పెద్దగా చూడలేదు. ఒకరోజు పొయ్యి మీద పప్పు పొంగుతోందని ఫోన్ ఆపకుండా లేచి వెళ్ళిపోయింది. అందులో మనిషి లేదు, మాట లేదు. మా తమ్ముడి చేతులు, అటూ ఇటూ పోయే నాడె, పోగు పడ్డప్పుడల్లా పన్నె కొట్టే చప్పుడు, అంతే. తీసేయకుండా దాన్నే పెట్టేసింది. వారం తిరక్కుండానే అది ఎక్కడెక్కడికో వెళ్ళిపోయింది. కిందంతా ఇంగ్లీషు, ఇంకా ఏవేవో భాషలు. రిహానా ఫోన్‌లోనే తెలుగులోకి మార్చి చదివింది. ఈ చప్పుడు వింటే మాకు నిద్ర పడుతోంది, మనసు కుదుటపడుతోంది, ఎంత ప్రశాంతమైన జీవితం అని రాశారు. ప్రశాంతమైన జీవితమట. నాకు ఒళ్ళు మండింది. మల్లేశ్వరి మాత్రం పండగ చేసుకుంది.

లక్షల మంది చూశారు కదా, డబ్బులు ఎప్పుడొస్తాయని అడిగితే రిహానా తల అడ్డంగా ఊపింది. "ఇలాంటి వీడియోలకి డబ్బులిచ్చే పథకం కొన్ని దేశాల వాళ్ళకే పెట్టారక్కా. మన దేశం ఆ లిస్టులో లేదు."

"చూసేవాళ్ళంతా ఆ దేశాల వాళ్ళేగా?" అంది మల్లేశ్వరి.

"చూసేవాళ్ళు ఎక్కడున్నారని కాదు, పెట్టినవాళ్ళు ఎక్కడున్నారని చూస్తారు."

"అదేం లెక్క?" అన్నాను నేను.

"నన్నడిగితే నేనేం చెప్పను జయక్కా. నావీ అంతేగా. ఇదే వీడియో అమెరికాలో కూర్చుని పెట్టి ఉంటే ఈపాటికి మల్లేశ్వరక్క నూలు కాదు, నూలు దుకాణమే కొనేది."

మల్లేశ్వరి ఫోన్ కొంగుతో తుడిచి బొడ్డులో దోపుకుంది.

అప్పుడొచ్చింది క్లేర్ అనే ఆవిడ ఉత్తరం. ఉత్తరమంటే ఫోన్‌లోనే. కెనడాలో ఉంటుంది, ఏదో ఇన్సూరెన్సు ఆఫీసులో పని. నిద్రపట్టని వాళ్ళ కోసం వాన చప్పుడు, రైలు చప్పుడు లాంటివి పెట్టే పేజీ నడుపుతుంది. మీ మగ్గం చప్పుడు ఒక పూటంతా రికార్డు చేసి పంపగలరా, నా పేజీలో పెట్టుకుంటాను, నాకు చాలా సాయమవుతుంది, ఎంత ఇవ్వమంటారో చెప్పండి అని మర్యాదగా రాసింది. రిహానా చదివి వినిపించి, "అడుగక్కా, గట్టిగా అడుగు," అంది. నేనూ అదే అన్నాను.

మల్లేశ్వరి ఇద్దరినీ వింతగా చూసింది. "సాయం అని అడిగిన మనిషి దగ్గర డబ్బు పుచ్చుకుంటామా వదినా? మగ్గం పని కదా ఇది. అతుకుకి పిలిచినట్టేగా."

"పిలిచింది పక్కింటి వాళ్ళు కాదే, కెనడా వాళ్ళు."

"ఎవరైతేనేం. మగ్గం మీద సాయానికి కూలి తీసుకుని, ఆ తర్వాత ఈయన మగ్గం ఆగిపోతే?"

చూడండి, ఆమె భయమంతా ఎక్కడుందో. మగ్గం ఆగకూడదనే కదా ఇన్ని అవస్థలు. ఆ మగ్గం కోసమే వచ్చిన డబ్బుని, మగ్గం ఆగిపోతుందన్న భయంతో వద్దంది. నేను అరిచాను, తిట్టాను, రిహానా నెత్తి కొట్టుకుంది. వినలేదు. తనే ఫోన్ తీసుకుని, మా పేటలో అతుకుకి కూలి తీసుకోం, మీరు ఊరికే తీసుకోండి అని తెలుగులో రాసి, ఇంగ్లీషులోకి మార్చి పంపేసింది. ఆ మర్నాడు మా తమ్ముడు పొద్దున్నుంచి ఆకలేసేదాకా ఆపకుండా నేశాడు. దగ్గు వస్తే వాడి నోరు కొంగుతో మూసింది ఆమే, చప్పుడు పాడవకూడదని. రిహానా షాపులో వైఫై మీద ఆ రికార్డు కెనడా వెళ్ళిపోయింది.

క్లేర్ చెడ్డ మనిషేం కాదు. చెడ్డదైతే నాకు ఇంత కడుపుమంట ఉండేది కాదు, తిట్టుకుని పడుకునేదాన్ని. వీడియో కింద మల్లేశ్వరి పేరు పెట్టింది, చీరాల అని ఊరు పెట్టింది, అతుకుకి కూలి తీసుకోం అన్న మాటని కూడా పెద్ద అక్షరాలతో రాసింది. ఆ మాట కోసమే జనం విరగబడి చూశారట. ఇంత మంచి మనుషులు ఇంకా ఉన్నారా అని ఏడ్చినవాళ్ళున్నారట. రిహానా ఆ లెక్కలు చూసినప్పుడల్లా, కెనడా ఆ లిస్టులో ఉందక్కా అని గుర్తుచేసేది. మల్లేశ్వరి మాత్రం తన పేరు కెనడాలో కనబడుతోందని మా తమ్ముడికి చూపించి మురిసిపోయింది.

కొన్నాళ్ళకి రిహానా షాపు మూసుకుని పరుగెత్తుకుంటూ వచ్చింది. ఆ పథకం మన దేశానికి కూడా తెరిచారు. మల్లేశ్వరికి కావలసినంత మంది చూసేవాళ్ళున్నారు, అప్లై చేయడమే తరువాయి. ఆ రోజు మా రెండు వాటాల్లో ఉన్న సంతోషం మళ్ళీ నేను చూడలేదు. అంకమ్మరావు ఫోన్ చేస్తే మల్లేశ్వరే తీసి, "మీ బావ రాడు తమ్ముడూ, ఇంకెవర్నైనా చూసుకో," అని చెప్పేసింది. మా తమ్ముడు మామూలుగా మాట పొదుపు. వాడు నా గడప మీద కూర్చుని, మొదటి సొంత చీర ఏ రంగు నేయాలో చెప్పాడు. "లేత మామిడిపిందె రంగక్కా. ఎర్ర అంచు. కొంగులో ఏమీ వద్దు, ఊరికే సన్న గీతలు. బుల్లయ్య నన్నెప్పుడూ అలా నేయనివ్వలేదు."

మర్నాడు పొద్దుట లేచి, తీసి ఉంచుకున్న మగ్గం వీడియోలన్నీ వరసగా పెట్టింది మల్లేశ్వరి. క్లేర్‌కి పంపిన పొడుగు రికార్డు కూడా తన పేజీలో పెట్టింది, అది తనదే కాబట్టి. రిహానా అప్లికేషన్ పంపింది.

వీడియోల కంపెనీ నుంచి జవాబు వచ్చింది. మీరు పెట్టిన చప్పుడు వేరొకరిది, వాళ్ళ పేరు మీద ముందే నమోదై ఉంది, ఇంకొకరి వీడియోలు వాడుకునేవారికి ఈ పథకం వర్తించదు అని.

రిహానా రెండోసారి చదివింది. నేను నమ్మక మూడోసారి చదివించాను. మా మగ్గం చప్పుడు మాది కాదట. మా తమ్ముడు పన్నె కొడితే వచ్చే చప్పుడు కెనడా ఆవిడదట. కొత్తగా తీసి పెట్టు అని రిహానా సలహా ఇస్తే మల్లేశ్వరి మళ్ళీ తీసింది, ఈసారి తన ముఖం కూడా కనబడేట్టు, కోటిలింగం పేరు చెబుతూ. మగ్గం అదే, చేతులు అవే, ఆ దెబ్బ వేసే తీరూ అదే. మెషీన్ వినే చెవికి అది పాతదానిలాగే వినిపించిందట. మళ్ళీ అదే జవాబు. మనిషితో మాట్లాడదామంటే ఆ కంపెనీలో మనిషి దొరకలేదు. క్లేర్‌కి రాస్తే పాపం ఆవిడ కంగారుపడి, ఇది వాళ్ళదే, నాకు వాళ్ళే ఇచ్చారు అని కంపెనీకి రాసింది. ఆవిడకీ మెషీనే జవాబు చెప్పింది. చప్పుడు ముందుగా ఎవరి పేరు మీద నమోదైతే వాళ్ళదేనని.

"ఇప్పుడైనా ఆవిడనే అడగవే," అన్నాను. "నీ వల్ల తినే మనిషి. ఒక్క పడుగు డబ్బులు పంపమను. నీకు సిగ్గయితే నేను రాయిస్తాను."

మల్లేశ్వరి ఫోన్ తీసుకుంది. ఏదో రాసింది, చెరిపేసింది. "కూలి తీసుకోం అని నేనే చెప్పాను వదినా. అది కింద రాసి ఉంది, అంతమంది చదివారు. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని అడగను?" అంది. ఆమె నా ముందు ఏడవడం అదే మొదటిసారి. నాకూ ఆగలేదు. నేను రిహానా దగ్గరికి వెళ్ళి నా అంతట నేనే రాయించబోతే, మల్లేశ్వరి వెనకే వచ్చి నా చేతులు పట్టుకుంది. "మీకు దణ్ణం పెడతాను వదినా, పరువు తీయొద్దు." ఆ పరువుని ఏం చేసుకోవాలో నాకు ఈనాటికీ అర్థం కాలేదు.

బుల్లయ్య పడుగులు పూర్తిగా మానేశాడు. మా తమ్ముడు అంకమ్మరావుకి తనే ఫోన్ చేసుకున్నాడు. ఒక ఆదివారం చద్దన్నం తిని, రెండు జతల బట్టలు సంచిలో పెట్టుకుని చీమకుర్తి వెళ్ళడానికి ఒంగోలు బస్సెక్కాడు. మల్లేశ్వరి బస్టాండ్ దాకా వెళ్ళింది. తిరిగొచ్చి మగ్గం మీద దుప్పటి కప్పింది.

వారానికోసారి వచ్చేవాడు. తలంతా తెల్లగా ఉండేది, ఎంత కడిగినా చెవుల వెనక ఆ పొడి పోయేది కాదు. పలకల మీద నీళ్ళు పోస్తూనే కోస్తారు, దుమ్ము అంత లేవదక్కా అని నాకు చెప్పేవాడు. చెబుతూ చెబుతూనే దగ్గేవాడు. పిల్లికూతలు ఇప్పుడు ఎండాకాలంలో కూడా వినిపిస్తున్నాయి. గుడ్డ కట్టుకోమని మల్లేశ్వరి తన పాత చీరలు చించి సంచిలో పెట్టి పంపేది. అవి తడిసి, రాతి పొడి పట్టి, గట్టిబడిపోయి తిరిగొచ్చేవి.

మొన్న ఒక ఆదివారం మధ్యాహ్నం వాడు అన్నం తింటుండగా క్లేర్ దగ్గర నుంచి ఫొటో వచ్చింది. నేనూ అక్కడే ఉన్నాను. పెద్ద కిటికీ, కిటికీ పక్కన నున్నటి చెక్కతో కొత్త మగ్గం, దాని ముందు స్టూలు మీద నవ్వుతూ క్లేర్. రిహానా లేదు కాబట్టి మల్లేశ్వరే తెలుగులోకి మార్చి, కూడబలుక్కుంటూ చదివింది. మీ వీడియో వల్ల నా జీవితం మారిపోయింది. ఆఫీసు ఉద్యోగం మానేశాను. ఎప్పటినుంచో నేయాలని కోరిక, ఇన్నాళ్ళకి తీరింది. ఇప్పుడు రోజంతా ఇంట్లో మగ్గం మీద కూర్చోగలుగుతున్నాను. మీకూ మీ భర్తకూ ఎప్పటికీ రుణపడి ఉంటాను. మీ మగ్గం ఎలా ఉంది?

మా తమ్ముడు ఎడం చేత్తో ఫోన్ తీసుకుని, దగ్గరగా పెట్టుకుని చూశాడు. ఫొటో పెద్దది చేసి పన్నె చూశాడు, కాళ్ళతో తొక్కే పావళ్ళు చూశాడు. "కూర్చునే మగ్గం," అన్నాడు. "కాళ్ళు గుంటలో పెట్టక్కర్లేదు. చెమ్మ తగలదు. వెలుతురు కూడా బాగా పడుతోంది." ఫోన్ మల్లేశ్వరికి ఇచ్చేసి, మజ్జిగ పోయమన్నాడు.

నేను లేచి వచ్చేశాను. ఉంటే ఏమంటానో నాకే తెలియదు. ఎవరిని తిట్టను? ఆ కెనడా ఆవిడ మోసం చేయలేదు. మల్లేశ్వరి తప్పు చేయలేదు. ఇంత నోరు పెట్టుకుని, తిట్టడానికి ఎదురుగా ఒక్క మనిషి దొరకలేదు నాకు.

ఆ వచ్చే వారం మగ్గం విప్పారు. చెక్క పుచ్చిపోయిందని కట్టెలవాడు కూడా సరిగ్గా బేరం ఆడలేదు. గది అద్దెకివ్వాలంటే గుంట పూడ్చాలి కదా, మట్టి ఎక్కడ దొరుకుతుందా అని మల్లేశ్వరి అనుకుంటుంటే, మట్టి ఎందుకు, మా యూనిట్ దగ్గర రాళ్ళపొడి గుట్టలుగా పడి ఉంటుంది, ఊరికే ఇస్తారు అన్నాడు మా తమ్ముడు. ఆదివారం చీరాల వైపు వచ్చే లారీలో నాలుగు బస్తాలు వేసుకొచ్చాడు. ముక్కుకి గుడ్డ కట్టుకుని వాడే గుమ్మరించాడు. మల్లేశ్వరి చెంబుతో నీళ్ళు చల్లింది. వాడు అందులోకి దిగి, పొడి సర్దుకునేలా రెండు కాళ్ళతో తొక్కడం మొదలుపెట్టాడు. కాసేపటికి ఎడమ, కుడి, ఎడమ, కుడి, పావళ్ళు తొక్కినట్టే తొక్కుతున్నాడు. వాడికి తెలిసి చేస్తున్నాడో లేదో నాకు తెలియదు. మల్లేశ్వరి చెంబు కింద పెట్టేసి గోడవైపు తిరిగి నిలబడింది. గుంట నిండేదాకా వాడు ఆపలేదు.